ఎర్రనీళ్ల మైసమ్మ

కాంట్రాక్టర్ వెంకట్రాజం జీపులోంచి మైసమ్మకు బలి ఇచ్చే నల్లటి యాటపోతును దించుతుంటే వాగొడ్డుపల్లె జనం చప్పట్లు కొట్టారు. డప్పులు మోగాయి. పిల్లలు పోతు కొమ్ములకు వేపమండలు కట్టారు. అదే సమయంలో, వాగు కట్ట కింద, ఏసమ్మ తన గుడిసెలోకి వస్తున్న ఎర్రటి నీళ్లను చిప్పతో ఎత్తిపోస్తోంది. ఒక్కరూ ఆమె వైపు తిరిగి చూడలేదు. ఇది సిగ్గుపడవలసిన సంగతి. దాచకుండా చెప్పుకోవాలి.

నర్సంపేటకు అవతల, అడవిలోంచి వచ్చే వాగు మీద ఉంది ఆ కట్ట. పెద్ద ప్రాజెక్టేమీ కాదు. వానాకాలంలో వాగు పల్లపు ఇళ్ల మీద, పొలాల మీద పడకుండా సర్కారు కట్టించింది. ఎమర్జెన్సీ రోజులు కనుక ఎవరూ నోరెత్తి అడగలేదు. కట్ట అంటే మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, ఆ పైన మళ్లీ పోయాలి. వెంకట్రాజం ఉత్త మట్టి కుమ్మరించాడు. పైన మాత్రం నున్నగా చదును చేయించి, బిల్లు ఎత్తుకుని హన్మకొండలో మేడ కట్టుకున్నాడు. తొలి వానలకే కట్ట అడుగున ఒకచోట నీళ్లు ఊరాయి. ఇంజనీరు కంటబడితే తవ్వి చూపమంటాడు. అందుకని వెంకట్రాజం మేస్త్రి ఆ చోట ఒక రాయి పాతి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, మైసమ్మ వెలిసిందన్నాడు.

మైసమ్మ లేని కట్ట మన పల్లెల్లో ఎక్కడుంది? కట్టను కాచే తల్లి ఆమె. జనం నమ్మారు. ఊరి శివసత్తి మొగిలమ్మకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని ఊగుతూ, "నేనీడనే ఉంట. నన్ను కదిలియ్యొద్దు" అని పలికింది. కదిలించవద్దంటే తవ్వవద్దనే కదా! వెంకట్రాజానికి ఇంకేం కావాలి? తన ఖర్చుతో గద్దె కట్టించాడు. ఏటా యాటను పంపాడు. ఊరివాళ్లు ఆ ఊటను తీర్థమని సీసాల్లో పట్టుకెళ్లి జ్వరమొచ్చిన పిల్లలకు తాగించారు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు ఊట ఎర్రబడింది.

"అక్కా, కట్ట లోపలి మట్టి కరిగి వస్తాంది. జర తవ్వి చూడుండ్రి" అని ఏసమ్మ మొగిలమ్మను బతిమాలింది. ఇద్దరూ ఒకే నాట్ల గుంపులో కూలీలు, ఒకే మడిలో పక్కపక్కన వంగి నాటేవాళ్లు.

"తల్లికి కోపమొచ్చి బలి అడుగుతాంది. యేసును మొక్కేటోల్లకు మా మైసమ్మ సంగతి ఏమెరుక?" అంది మొగిలమ్మ.

ఆ ఒక్క మాటతో క్రైస్తవుల వాడ నోరు మూసుకుంది. కట్ట తెగితే మునిగేది వాళ్ల వాడే. గద్దె మీద చెయ్యి వేస్తే తలలు పగిలేదీ వాళ్లవే. ఊరు మిట్టమీద ఉంది కనుక ఊరికి ఫికర్ లేదు. అందుకే ఆ రోజు వెంకట్రాజం జీపులో యాటను తెస్తే ఊరు చప్పట్లు కొట్టింది.

పొద్దు వాలేసరికి వాన పట్టుకుంది. బడి వరండాలో మోదుగాకుల విస్తర్లు పరిచి యాటకూర వడ్డిస్తున్నారు. అప్పుడే గద్దె పక్కన కట్ట ఒక పెళ్లగా జారింది. వాగు వాడ మీద పడింది. ఏసమ్మ భర్త దానియేలు పక్కింటి ముసలామెను భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి వెళ్లాడు. మట్టిగోడ కూలి మీద పడింది.

ఏసమ్మ అరుచుకుంటూ బడికి వచ్చేసరికి ఊరంతా బంతిలో కూర్చుని తింటోంది. అందరూ లేచి పరుగెత్తారు. ఎంగిలి చేతులతోనే గోడపెళ్లలు తీశారు. దానియేలు దొరికాడు, ప్రాణం లేదు. పైకి ఎత్తినప్పుడు వాళ్ల చేతుల కూరనూనె అతని చొక్కాకు అంటింది. ఏసమ్మ అది చూసింది. ఏమీ అనలేదు.

ఏమన్నా అని ఉంటే బాగుండేదని తర్వాత చాలామంది అనుకున్నారు. ఆమె తిట్టలేదు, శాపం పెట్టలేదు. దానితో ఊరికి తల ఎత్తుకునే దారి లేకపోయింది. బోరింగు దగ్గర ఆమె వస్తే ఆడవాళ్లు బిందెలు వదిలి పక్కకు జరిగేవారు. మొగిలమ్మ నాట్లకు పోవడమే మానేసింది. ఆ చేతులతో ఏసమ్మ పక్కన వంగి నారు ఎలా పెట్టాలో ఆమెకు తెలియలేదు.

అధికారి ఒకాయన వచ్చి గొడుగు కింద నిలబడి చూసి పోయాడు. గద్దె కోసం ఊరివాళ్లు గుంత తీశారు కనుక కట్ట జారిందని తేల్చాడు. తప్పు మైసమ్మది, మైసమ్మను మొక్కిన జనానిది! రిపేరు పని మళ్లీ వెంకట్రాజానికే ఇచ్చారు.

"గండి పూడుస్త. మీ తల్లి గద్దెను మాత్రం ముట్ట. వాడోల్లు దాన్ని పీకెయ్యాల్నని చూస్తాండ్లు, జర పైలం" అని అతను ఊరి పెద్దల చెవిలో వేశాడు.

కూలి సంఘం మీటింగు పెట్టింది. వాడా ఊరూ కలిసి ఒకచోట కూర్చోవడం ఆ చావు తర్వాత అదే మొదలు. సంఘం నాయకుడు కట్టయ్య లేచి సూటిగా అడిగాడు.

"గద్దె తీసి తవ్వకుంట పైపైన పూడిస్తే మల్ల తెగుతది. తవ్వుదమా, వద్దా?"

"తల్లిని కదిలిస్తే ఊరు నాశనమైతది" అన్నాడు ఉప్పలయ్య. నాలుగెకరాల రైతు.

"వాడ నాశనమైంది కద!" అన్నాడు కట్టయ్య.

"అయింది. గని మా ఇండ్లు మిట్టమీదున్నయి..."

మాట నోరు దాటాక అతనికే వినపడింది. ఎవరూ అతన్ని కొట్టలేదు, కసరలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కూలబడ్డాడు. ఆ మాట అతనొక్కడిది కాదు. అందరి కడుపుల్లో ఉన్నదే అతని నోట వచ్చింది.

అప్పుడు మొగిలమ్మ లేచింది.

"పూనకం నాకు నిజంగనే వచ్చింది. అబద్ధమాడ. గని 'కదిలియ్యొద్దు' అన్న మాట తల్లిది కాదు. మేస్త్రి కల్లు తాపి నా చెవుల చెప్పిండు. తల్లే వాని నోట చెప్పిస్తాందనుకున్న. నేను పలికిన మాటకు మనిషి పోయిండు. ఏసమ్మా, నీకు నా మొకం ఎట్ల చూపియ్యాలె?"

ఏసమ్మ బయట కమ్ముతున్న మబ్బు వైపు చూసింది.

"నీ మీద కోపం లేదని చెప్ప. ఉన్నది. గని మొగులు మల్ల పట్టింది. మీరు సిగ్గువడి తల్కాయలు దించుకుంటె నా వాడల నీళ్లు ఆగుతయా? ఏడ్సుడు తర్వాత. ముందు తవ్వుండ్రి."

అంతకన్నా రాజకీయం ఎవరు చెప్పగలరు? తలవంచుకుని కూర్చున్న జనంతో ఏ వెంకట్రాజానికీ నష్టం లేదు. సిగ్గుకు చేతులు రావాలి.

మర్నాడు పొద్దున ఊరు కట్ట మీదికి నడిచింది. వాడవాళ్లు ఒడ్డునే ఉండాలని కట్టయ్య చెప్పాడు. వాళ్లు చెయ్యి వేస్తే దాన్ని మతం కేసు చేస్తారని అతని భయం. మొగిలమ్మ గద్దె ముందు మోకరిల్లి పసుపునీళ్లు చల్లింది.

"తల్లీ, నిన్ను కట్ట కాయమని పెట్టలే వాడు. వాని దొంగతనం కాయమని పెట్టిండు. లే, మిట్టకు పోదాం."

రాయిని తలకెత్తుకుని మిట్టమీదికి మోసింది. పిడుగు పడలేదు. ఉప్పలయ్య గడ్డపార దించాడు. మెత్తగా దిగింది, బురదలో దిగినట్టు. తవ్వేకొద్దీ కుళ్లిన చెట్టు మొద్దులు, గడ్డి, చిరిగిన సిమెంటు సంచులు వచ్చాయి. కట్ట కడుపునిండా చెత్తే. ఇన్నేళ్లూ మొక్కింది దీనికా అని ఆడవాళ్లు ఏడ్చారు. ఇంజనీరు వచ్చి చూసేదాకా ఒక్క తట్ట మట్టి కూడా పడనివ్వం అంటూ చెత్తను తెచ్చి రోడ్డుకు అడ్డంగా పోశారు.

మధ్యాహ్నానికి వెంకట్రాజం వచ్చాడు, వెనుక పోలీసు వ్యాను. ఎస్సై దిగుతూనే అడిగాడు.

"దేవతను పీకిందెవడు? యేసోల్లేనా?"

"నేను" అంది మొగిలమ్మ.

"నిన్నెవరు పంపిన్రు? సంఘమా, చర్చా?"

"ఈయన పెట్టిన కూర తిన్న. ఆ సిగ్గు పంపింది."

లాఠీలు లేచాయి. మొగిలమ్మను, కట్టయ్యను వ్యానులోకి తోశారు. జనం రోడ్డు మీద బైఠాయించారు. వాళ్లను జుట్టు పట్టి పక్కకు ఈడ్చి వ్యాను కదిలింది. వ్యాను ఊచల సందుల్లోంచి మొగిలమ్మ గొంతు వినిపించింది. "ఏసమ్మా, తవ్వుడు ఆపకు!"

ఏసమ్మ ఒడ్డు దిగింది. కట్టయ్య ఉండమన్నచోట ఇక ఉండలేకపోయింది. గుంతలోకి దిగి, పడి ఉన్న గడ్డపార అందుకుంది.

వెంకట్రాజం జీపు ఎక్కబోయినవాడు ఆగిపోయాడు. అతను ఎదురుచూసింది ఇదే.

"చూస్తాండ్లేందిరా! యేసోల్లది మీ మైసమ్మ జాగల గడ్డపార దించుతాంది! మీకు మానం లేదా?"

జనం గుంత దగ్గరికి కదిలారు. ఏసమ్మ తల ఎత్తలేదు. తవ్వుతూనే ఉంది. ముందు వచ్చినవాడు ఉప్పలయ్య, లాఠీ దెబ్బకు నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. అతను గుంతలోకి దిగి ఆమె కాళ్ల దగ్గర తట్ట పెట్టాడు.

"ఎత్తు, చెల్లె. నేను మోస్త."

వాడ మట్టి ఎత్తితే ఊరు మోయడం ఆ పల్లెలో ఎవరూ చూసి ఎరగరు. అతని వెనుక ఇంకొకరు దిగారు. వాళ్ల వెనుక వాడ దిగింది. వెంకట్రాజం అరుస్తూనే ఉన్నాడు, తట్టలు మాత్రం చేతులు మారుతూ రోడ్డు దాకా పోతున్నాయి. సాయంత్రం వ్యాను మిగిలినవాళ్ల కోసం తిరిగి వచ్చింది. అందరూ బయటికి రావాలని ఎస్సై గుంత అంచున నిలబడి అరిచాడు. ఒక్కరూ పైకి రాలేదు. చేతనైతే దిగి తీసుకుపొమ్మంది ఏసమ్మ.