వంతెన అవతలి పిల్ల

బడి తనిఖీ ఆయన ఇంటికొస్తాడని తెలిసిన రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. నా మనవరాలికి పుట్టుచెవుడు. చేతులతో మాట్లాడటం నేర్పే సర్కారు బడి మా పేటలోనే ఉంది. ఈ పేటలో కాపురముండే పిల్లలకే అందులో చోటు. మా పిల్ల రాత్రి నిద్రపోయేదేమో వంతెన అవతల, వాళ్ళమ్మ దగ్గర.

నా కూతురు అక్కడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఆఖరి బస్సు వెళ్ళిపోయాకే దాని పని ముగుస్తుంది. వెనక గదిలోనే పడక. పొద్దున పిల్లను తను దింపుతుంది, సాయంత్రం నేను తీసుకెళ్తాను. నా దగ్గర పడుకోబెట్టాలని చూడకపోలేదు. దీపం ఆర్పితే పాపం దానికి లోకంలో మనుషులే లేనట్టు. వాళ్ళమ్మ గొంతు మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురు తెలుస్తుంటేనే కన్ను మూస్తుంది. నా గొంతు తడిమి చూసి చెయ్యి తీసేసుకుంది.

అంతకుముందు వంతెన అవతలి మామూలు బడిలో దాన్ని వెనక బల్ల మీద కూర్చోబెట్టి, "బంగారుతల్లి, అల్లరే చెయ్యదు" అని మెచ్చుకునేవారు.

తనిఖీ రోజు దాని గౌను తీగ మీద ఆరేశాను. నా మంచం మీద చిన్న దిండు పెట్టాను.

"ఏమ్మా, ఇంత చెమట పట్టింది?" అన్నాడాయన కుర్చీలో కూర్చుంటూ.

"ముసలి ఒళ్ళు బాబూ, చలికి కూడా పడుతుంది."

నవ్వాడు. చెడ్డవాడు కాదు. "పాపనే అడుగుదాం, రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందో" అన్నాడు, తోడొచ్చిన టీచరమ్మతో.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

టీచరమ్మ చేతులతో అడిగింది. పిల్ల లేచి నిలబడింది. బస్సు, వంతెన, కింద నీళ్ళు, అమ్మ, గొంతు, నిద్ర. అంత పొడుగు మాట అది ఎన్నడూ చెప్పలేదు. చెప్పి, టీచరమ్మ పెదవుల కేసి చూస్తూ నిలబడింది. ఆ బడిలో టీచరమ్మ పిల్లలకిచ్చిన మాట ఒకటుంది: మీ చేతులు చెప్పిందే నా నోరు చెబుతుంది, ఒక్క ముక్క మార్చను అని.

టీచరమ్మ నా వంక చూసింది. కళ్ళు నిండాయి. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన కలానికి మూత పెట్టాడు. "విన్నాక విననట్టు ఉండలేనమ్మా. దారి ఒక్కటే. తల్లి ఈ పిల్లను చట్టప్రకారం మీకు అప్పగించాలి. ఇక రాత్రిళ్ళు ఇక్కడే. ఆదివారం పగలు ఆమె వచ్చి చూసుకోవచ్చు."

ఆ సాయంత్రమే కూతురి దగ్గరికి వెళ్ళాను. "అప్పగించడానికి అదేమన్నా పాత బీరువానా? బడి మాన్పించేద్దామే" అన్నాను.

"మాన్పించి? మళ్ళీ వెనక బల్లేనా?" అది దుప్పట్లు మడతపెడుతూనే ఉంది. "దానికి అమ్మా అని పిలవడం నేర్పింది ఆ బడేనమ్మా. మొన్నేగా పిలిచింది."

"అది నిద్రపోదే, తల్లీ."

"నీ గొంతు అలవాటు చెయ్యి. నీకు పుస్తకాల పిచ్చి కదా, పైకి చదువు. ఏం చదివినా పర్లేదు, దానికెటూ వినపడదు." నవ్వబోయి, మొహం దుప్పట్లో పెట్టుకుంది.

సంతకాలైన సాయంత్రం ముగ్గురం బస్టాపుకి వెళ్ళాం. అలవాటు కొద్దీ పిల్లే ముందు ఎక్కబోయింది. భుజం పట్టి ఆపాను. వాళ్ళమ్మ ఒక్కతే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పిల్ల అటూ ఇటూ చూసింది. కిటికీకి ఎదురుగా నిలబడి, నిదానంగా, బడిలో నేర్పినట్టే చేతులతో అడిగింది: నేను తప్పు చెప్పానా?

బడి గోడల మీది బొమ్మలు చూసి నేను కాస్త నేర్చుకున్నాను. కూతురికి అంత తీరిక ఎక్కడిది?

"ఏమంటోందమ్మా?" అని అరిచింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావంటోంది."

"ఆదివారం అని చెప్పు, ఆదివారం!"

బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా చూసి, పిల్ల నా వైపు తిరిగింది. మళ్ళీ అదే మాట అడిగింది, ఈసారి నన్ను.