ఎలపటోడు

2023 జూలై పద్నాలుగు, శుక్రవారం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. నా భార్య యశోద పోయినప్పటి నుంచి, నేను ఒక్కణ్ణే తినకూడదని పక్కింటి సుంకన్న పొద్దున్నే పొట్లం పట్టుకుని వచ్చేవాడు. ఆ రోజు ఒక బజ్జీ కొరికి పక్కన పెట్టేశాడు.

"దాపట పక్క పొడుస్తాండాది సార్," అన్నాడు.

కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపట, కుడివైపుది ఎలపట. ఎద్దులు తోలి బతికినవాడికి మనిషి ఒంటికీ అవే మాటలు. పత్తికొండలో ఆయన్ని ఎలపటోడనే పిలిచేవారు. ఎద్దులా మొండివాడు కనక కాబోలు అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నానికి సుంకన్న ఒళ్లు కాలిపోతోంది. కర్నూలు బస్సులో ఎవరో అడక్కుండానే లేచి చోటిచ్చారు. ఆసుపత్రిలో సాహితి అనే చిన్న వయసు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది. గుండె కుడివైపు కనబడేసరికి, ఎవరో తిప్పి ఇచ్చారని విసుక్కుని ఫిల్మును తిరగేసింది. అన్నీ వాటి చోట కుదిరాయి. అపెండిక్సయితే నొప్పి కుడివైపుండాలి, ఇది గ్యాసే, మాత్రలు వేసుకుని ఇంటికి పొమ్మంది.

అంత చక్కగా కుదరడమే నన్ను భయపెట్టింది. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. అద్దంలో లోకమూ మన లోకంలాగే నడుస్తుందని, ఏది అసలో ఎవరూ చెప్పలేరని ఒకప్పుడు పెద్దలు నమ్మారు. కోబాల్టు నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు ఒక పక్కకే మొగ్గి ఆ నమ్మకాన్ని చెదరగొట్టాయి. ప్రకృతికి ఎడమా కుడీ వేరేనని అలా తెలిసింది. వేరని చెప్పే గుర్తు ఒకటి ఎక్కడో ఉంటుంది. ఫిల్ము మూలన కుడివైపని తెలిపే ఇంగ్లీషు అక్షరం ఇప్పుడు తిరగబడి ఉంది.

సుంకన్న ఛాతీ మీద చెయ్యి వేశాను. ఎడమవైపు ఏమీ తగల్లేదు. కుడివైపు దడదడమంటోంది.

"నిన్ను ఎలపటోడని ఎందుకంటారప్పా?"

"మాయమ్మ పెట్టిన పేరు సార్. ఎత్తుకుంటే గుండె ఎలపట కొట్టుకుంటాండాదని. మీరేమనుకొంటిరి, మొండోడనా?" నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు.

తిరగబడ్డ అక్షరాన్ని చూపిస్తే సాహితి వాదించలేదు. కుడివైపు స్టెతస్కోపు పెట్టి విని, వెంటనే సర్జన్‌కు ఫోను చేసింది. లోపలివన్నీ అద్దంలోలా తారుమారుగా ఉన్నాయి; అపెండిక్సు ఎడమనే ఉంది. అది పగిలి ఉంటే కష్టమంది.

స్ట్రెచరు మీద సుంకన్న నా వేలు పట్టుకున్నాడు. "దాపటెద్దును ఎలపట కడితే కాడి మోయదు సార్. ఆ సర్జనుకు చెయ్యి తిరుగుతాదా?"

తిరుగుతుందన్నాను. నాకు తెలియదు.

బయట ఆయా ఒకామె కుర్చీ తెచ్చి వేసింది. సృష్టి మొదట్లో పదార్థం, దానికి అద్దంలో జోడీలాంటి ప్రతిపదార్థం సరిసమానంగా ఉండి ఉంటే రెండూ ఒకదాన్నొకటి తుడిచేసుకుని వెలుగు మాత్రమే మిగిలేది. రవ్వంత కొసరు మనవైపు మిగిలింది. ఎందుకు మిగిలిందో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆ కొసరు ఎంత పల్చనిదో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

సర్జన్ వచ్చి, అప్పటికే పగిలిపోయిందని, తీసేసి లోపల కడిగామని, విషం రక్తంలోకి ఎంత పాకిందో తెల్లవారితే గానీ చెప్పలేమని అన్నాడు. నర్సు నన్ను గుమ్మం దాకా రానిచ్చింది. గొట్టాల మధ్య సుంకన్న మీది దుప్పటి లేస్తోంది, పడుతోంది. మరోసారి లేచేదాకా ఆమె ఆగింది. ఆ తర్వాత చప్పుడు కాకుండా తలుపు మూసింది.