అక్కకి ఎన్నిసార్లు పొలమారింది

షో అవగానే ఆమె మేకప్ గదిలో ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పది నిమిషాల్లో అక్క నుంచి ఫోను వచ్చేది.

"ఇవాళ ఇరవై మూడుసార్లు పొలమారిందే. నన్ను అన్నం తిననిస్తావా లేదా?"

"ఇరవై మూడేనా? నిన్న ముప్పై ఒకటి కదక్కా. జనం పలచగా ఉన్నార్లే."

అక్క ఉండేది ఆరు గంటల ప్రయాణం దూరంలో. చెల్లెలు స్టేజీ మీద అక్క గురించి చెప్పి నవ్వించిన ప్రతిసారీ అక్కడ అక్కకి పొలమారేది. హాలంతా ఘొల్లుమంటే గట్టిగా, చిరునవ్వయితే కొంచెంగా. షో ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే హాలు మేనేజరు కూడా "అక్కగారేమన్నారు?" అని అడిగేవాడు.

ఆమె జోకుల్లో సగం అక్కవే. చుట్టాలొస్తే వేద్దామని కొత్త దుప్పటి దాచి, తీరా వాళ్ళొచ్చాక మాసిపోతుందని కుర్చీల్లోనే పడుకోబెట్టిన అక్క. అమ్మా నాన్నా పోయాక తనని పెంచింది ఆవిడే. ఇంక చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక!

ఒకరోజు అక్క గొంతు బొంగురుగా పలికింది. "నవ్వులాటకి చెప్పట్లేదు. తిండి లేక చిక్కి సగమయ్యాను. ఇక నా ఊసెత్తనని మాటివ్వు."

ఇచ్చింది. ఆ వారమే టీవీ సీరియల్లో పక్కింటి పిన్ని వేషం దొరికితే స్టేజీ మానేసింది. అక్కడ మాటలు ఎవరో రాసిచ్చేవి, నవ్వులు ముందే రికార్డు చేసి పెట్టినవి. వాటివల్ల ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నాలుగేళ్ళపాటు ముక్కూమొహం తెలియనివాళ్ళు రోడ్డు మీద "పిన్నీ!" అని చేతులూపారు. ఇంటికొస్తే మాత్రం తిన్నావా అని అడిగే దిక్కు లేదు. పొలమారడం ఆగిపోయాక అక్కకి ఫోను చేయడానికి కారణమూ లేకపోయింది. తనే చేస్తే, బాగున్నావా అంటే బాగున్నాననుకోవడంతో మాటలు అయిపోయేవి. వాళ్ళిద్దరికీ పోట్లాడుకోవడమే అలవాటు, కుశలమడగడం చేతకాదు.

ఐదో ఏడు సీరియల్ వాళ్ళు కథలో పిన్నిని కూతురింటికి పంపేశారు. రేపట్నుంచి రానక్కర్లేదని ఆమెకి ఇంటికి దింపే కారులో చెప్పారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ పాత హాల్లో నిలబడింది. నలభై మంది వచ్చారు. పది నిమిషాలు షూటింగు కబుర్లు చెప్పింది. ఒక్కరూ పెదవి కదపలేదు. ఇంతమంది ఎదురుగా ఉండగా ఇంత ఒంటరితనమేమిటని బెంబేలెత్తిపోయింది. అక్క తిడితే బాగుండుననిపించింది. ఒక్క తిట్టు చాలు.

"మా అక్క ఉంది చూశారూ..." అని అందుకుంది.

దుప్పటి దగ్గరికొచ్చేసరికి హాలు పడీ పడీ నవ్వుతోంది.

షో అయ్యాక ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పది నిమిషాలు, అరగంట, గంట. ఊడ్చే ఆవిడ వచ్చి కుర్చీలు సర్ది వెళ్ళిపోయింది. నా మాట అక్కని చేరనంత దూరమైపోయామా అని భయపడింది. మాట తప్పినందుకు సిగ్గుపడింది. ఆ రెంటికీ కలిపి ఏడ్చింది.

ఐదింటికి ఫోను మోగింది. అక్క పక్కింటావిడ.

"ఏమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. మీ అక్కయ్య పొద్దున్నుంచి బయటికి రాకపోతే ఊరెళ్ళిందనుకున్నాం. మూడున్నరకి లోపల ఒకటే దగ్గు. తలుపు పగలగొట్టి చూస్తే వంటగదిలో తెలివి లేకుండా పడి ఉంది. ఒంటి మీద స్పృహ లేదు గానీ పొలమారడం మాత్రం ఆగట్లేదు. షుగరు పడిపోయిందట. ఇంకో గంటయితే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఉండు, తనే మాట్లాడతానంటోంది."

అక్క గొంతు సన్నగా వచ్చింది. "మాట తప్పావు."

"తప్పానక్కా."



"మళ్ళీ షో ఎప్పుడే?"

"రేపు. ఆరున్నరకి."

"అయితే నేను ఆరింటికే తినేస్తాను," అంది అక్క.