కోత పొడవెంత?

నేను ఒక కత్తిపీటను. లారీ కమాను పట్టీని కమ్మరి సాగగొట్టి నాకు నాలుక చేస్తే, తుమ్మచెక్క ఒళ్లయింది. కాకినాడ చేపల బజారులో మొదట అత్త కాలికింద, తర్వాత కోడలు మరిడమ్మ కాలికింద బతికాను. కోతల గురించి నాకు కాస్త తెలుసు. గొప్పలు చెప్పుకోవడాన్నీ కోతలు కోయడమే అంటారు గనక, మనుషుల గురించి ఇంకాస్త ఎక్కువే తెలుసు.

మరిడమ్మ తుంటి అరిగిపోయింది. నా మీద కూర్చుంటే లేవలేకపోయేది. కీలు మార్చాలన్నారు. పక్కన చేపలమ్మే వదిన వీరవేణికి అంతకుముందే మార్చారు, పాత పద్ధతిలో, జానెడు కోత పెట్టి. అప్పట్నుంచీ ఆమె ఎత్తు స్టూలెక్కి, బల్లమీద చాకుతో కోస్తోంది.

"బల్లమీద కోసేది చేపా, కేకా?" అని మరిడమ్మ ఎగతాళి. "నేను చిన్న కోతే పెట్టించుకుంటా. మళ్లీ నా పీటమీద నేనే కూర్చుంటా."

ఆ మాటకి నేనూ పొంగిపోయాను.

బజారు రెండు పక్షాలైంది. చిన్న కోతకి నొప్పి తక్కువట అన్నాడు ఐసు కొట్టేవాడు. అది ఇరుకు గుమ్మంలోంచి బీరువా దూర్చినట్టే, లోపల సరిగ్గా కనపడొద్దూ అన్నాడు టీకొట్టు ఆసామి. లోపలికెళ్లే బీరువా సంగతి ఎవరికీ పట్టలేదు. అందరూ గుమ్మం గురించే కొట్టుకున్నారు.

ఆపరేషనైంది. కోత నిజంగానే చిన్నది. మరిడమ్మ వదినకంటే తక్కువ రోజుల్లోనే చేతికర్ర వదిలేసింది.

"నీది గోనెసంచి కుట్టు వదినా, నాది జాకెట్టు కుట్టు!"

"ఆ జాకెట్టు ఎవరికి చూపిస్తావే తల్లీ?"

బజారుకొచ్చిన మొదటిరోజే మరిడమ్మ నామీద కాలుపెట్టి వంగింది. వీరవేణి కొంగు పట్టి లాగింది. "ఆగవే! డాట్రుగార్ని అడిగావా?"

"చిన్న కోతే కదా," అంటూనే మరిడమ్మ ఫోను చేసింది.

"కోతే చిన్నదమ్మా," అన్నాడు డాక్టరు. "మొదట్లో మీకు కాస్త సుళువు. లోపల కీలు మాత్రం పెద్ద కోతకైనా చిన్న కోతకైనా ఒకటే. అంత కిందికి గొంతుక్కూర్చుంటే కీలులోని గుండు దాని గిన్నెలోంచి జారిపోవచ్చు."

"మరి ముందే చెప్పలేదేం బాబూ?"

"చెప్పాను. కోత ఎంతన్నది తప్ప మీరింకేం వినలేదు."

మరిడమ్మ ఫోను పెట్టేసింది. నన్ను ఒళ్లో పెట్టుకుని, నా అంచుకి అంటిన పాత పొలుసు గోటితో గీరుతూ కూర్చుంది. ఇక నన్ను తుక్కువాడికిస్తుందనుకున్నాను.

వీరవేణి వడ్రంగిని పిలిచింది. తన బల్లమీదకి నన్నెక్కించి, అక్కడ తొక్కిపట్టడానికి కాలందదు గనక బోల్టులు బిగించమంది.

"బెజ్జం చిన్నది పెట్టవయ్యా," అంది మరిడమ్మ.

"పీట కదలకుండా ఉండాలా, బెజ్జం ముద్దుగా ఉండాలా?" అన్నాడతను.

వదినామరదళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

ఇప్పుడు చెరో స్టూలుమీద వాళ్లిద్దరూ, మధ్యలో బోల్టులతో నేను. ముగ్గురం మరమ్మతైనవాళ్లమే. చేపలు కొనేవాళ్లు నా బెజ్జాల కొలతలడగరు, ముక్క సమంగా పడిందా అనే చూస్తారు. మరిడమ్మ మాత్రం అడక్కపోయినా తన కోత పొడవు చెబుతూనే ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త కురచవుతోంది. ఈ లెక్కన వచ్చే ఏడాదికి ఆపరేషనే జరగలేదంటుందేమో.