శేషగిరి ముట్టని పళ్లెము

జ్యేష్ఠమాసము కడపటి దినములు. వేటనిషేధము తొలగిన యుత్సాహమున అరుణోదయమునకు మున్నే సాగరగర్భము జొచ్చిన నావలు వెండిరాశులవంటి మత్స్యసమూహములతో ఉప్పాడ తీరమునకు మరలి వచ్చుచుండ, నైరృతిపవనచాలితములై గుమిగూడిన నీలమేఘములు వర్షింపనా మాననా యని గగనమున తటపటాయించుచుండ, తీరమునకు క్రోశదూరమున నున్న గంగాధరరావుగారి మత్స్యశుద్ధి కర్మాగారమున మంచుగడ్డలు పగులు చప్పుడును కత్తుల ధ్వనియు కలసి యొక్కటియై వినవచ్చుచుండెను.

ఆ కర్మాగారమున శుభ్రతాపర్యవేక్షణ వహించిన యధికారిణి పెమ్మాడి నూకరత్నము. మితభాషిణి, నిశితదృష్టి గలది. కోతబల్లల నుండి మంచుగదికి చేపలను జేరవేయు పాత బెల్టులు జీర్ణించిపోగా క్రొత్తవానిని ఎన్నుకొను భారమును యజమాని యామెకే యప్పగించెను. ఆమె యిద్దరు వర్తకులను పిలిపించెను. ఒకని బెల్టు లోపల పొరలేవియు లేక ఒక్క ముద్దగా పోతపోసిన నీలవర్ణపుది, వెల హెచ్చు. రెండవది గుడ్డపొరలపై తెల్లని ప్లాస్టిక్కు పూత పూసినది, మిగుల చవుక. ఈ చవుకబెల్టును దెచ్చిన కాకినాడ వర్తకుడు శేషగిరిని ఆమె యేరి కోరి రప్పించినదని యెవ్వరును ఎఱుగరు.

పుష్కరకాలమునకు పూర్వము ఆమె యక్క మాణిక్యము వేఱొక కర్మాగారమున కోతపని స్త్రీలకు పెద్దగా నుండెను. అచటినుండి విదేశమునకు బోయిన సరుకు క్రిమిదూషితమని త్రిప్పి పంపబడగా, అచటికిని ఇట్టి తెల్లబెల్టులనే అమ్మిన శేషగిరి యా యజమాని యెదుట నిలిచి, "నా బెల్టులో లోపం లేదండి. ఆడాళ్ల చేతులే మురికి" అని పలికెను. ఆ యొక్కమాటతో మాణిక్యమును ఆమె జట్టు స్త్రీలును వీధి పాలైరి. తీరమునందలి యే కర్మాగారమును ఆమెను మరల జేర్చుకొనలేదు. పెండ్లిపందిట నలుగురికి అన్నము వడ్డించుటకైనను జంకుచు, తన చేతులను తానే చీరచెఱగున దాచుకొనుచు, ఆ యభిమానవతి కొలదికాలమునకే కృశించి కన్నుమూసెను. నాడు చెల్లెలి హృదయమున బడిన నిప్పు నేటికిని చల్లాఱలేదు.

శేషగిరిని తిరస్కరించుట యామెకు సులభము. కాని తిరస్కృతుడైన వర్తకుడు మఱియొక వాకిలి తట్టును. అతని నోటనే నిజము వెడలవలెనని యామె పట్టుదల.

ఒక పక్షము రెండు బెల్టులును ప్రక్కప్రక్కల నడచెను. ప్రతిసాయంకాలము రెంటిని వేడినీటితోను మందునీటితోను ఒక్కతీరుగ గడిగించెను. పక్షాంతమున మధ్యాహ్నవేళ యజమానిని శేషగిరిని కోతశాలకు బిలిచి, వేయించిన వంజరపు ముక్కల పళ్లెమొకటి తెచ్చి శేషగిరి ముందుంచెను. కోతబల్లలయొద్ద స్త్రీలు పనిచేయుచునే యోరకంట జూచుచుండిరి.

"మీ తెల్లబెల్టు మీద పొద్దున్న నడిచిన చేపేనండి. రుచి చూడండి" అనెను.

శేషగిరి ముఖము వెలవెలబోయెను. "నేను చేపలు తిననమ్మా."

"నిన్న మా క్యాంటీన్లో పులుసు రెండోసారి పోయించుకున్నారు గదండీ."

యజమాని నవ్వెను. "తినవయ్యా శేషగిరీ. బాగా వేగిన ముక్క. మొహమాటమెందుకు?"

శేషగిరి చేయి పళ్లెమువఱకు సాగి యచటనే యాగెను. మరల జాచెను; మరల వెనుకకు దీసికొనెను. నూకరత్నము ఱెప్పవాల్పక యా చేతినే చూచుచుండెను. ఇన్నేండ్లుగా నామె కాంక్షించిన దృశ్యమదియే. యజమాని నవ్వు మెల్లమెల్లగా మాయమయ్యెను.

"ఏముందిందులో?" అని యాయన గద్దించెను.

"కత్తిగాటు పడితే లోపలి గుడ్డ నీళ్లు పీల్చేస్తదండి" అని శేషగిరి తలవంచుకొని నెమ్మదిగా బలికెను. "అంచులు విడిపోయాక ఎంత కడిగినా పైపైనే. లోపల కుళ్లు అలాగే ఉంటది."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ తెలుసండి."

అంతట నూకరత్నము ముందునకు వచ్చి యా పళ్లెమునుండి యొక ముక్క దీసి నింపాదిగా తినెను. "ఇది నీలిబెల్టు మీద నడిచిన చేపండి. మీ బెల్టు మీదదని నేను అబద్ధమాడాను. దాని సంగతి నాకంటే మీకే బాగా తెలుసని మీ చెయ్యే చెప్పింది." పిమ్మట కత్తి గొని తెల్లబెల్టు అంచును నిలువున జీల్చెను. నల్లబడిన నూలుపోగులు బయల్పడి దుర్గంధమొకటి శాలయంతట నలముకొనెను.

"మాణిక్యం గుర్తుందా మీకు?" అని యడిగెను.

శేషగిరి చీల్చిన బెల్టునుండి తలయెత్తి చూచెను. "ఎవరండీ ఆవిడ?"

ఆ ప్రశ్న యామెకు శరాఘాతమయ్యెను. ఏ పేరును దలచి తాను నిద్రాహారములు మఱచెనో యా పేరు వీడెన్నడును వినియైన నెఱుగడు. ఆమె కంఠస్వర మించుకయు హెచ్చింపక అక్క కథయంతయు జెప్పెను. అతడు విన్నకొలది క్రుంగిపోయెను.

"నేను కావాలని అనలేదమ్మా. నా సరుకు కాపాడుకుందామని..."

"నాకు కారణాలొద్దండి. మా అక్క పేరు పలకండి. ఇక్కడున్న ఆడాళ్లందరికీ వినబడాలి."

కత్తుల చప్పుడు నిలిచిపోయెను.

"మాణిక్యంగారి చేతులు శుభ్రమైనవేనండి" అని శేషగిరి యా స్త్రీలవైపు తిరిగి పలికెను. "మురికి నా బెల్టుది."

గంగాధరరావుగారు వానిని వెడలనంపి నీలిబెల్టును నిశ్చయించి, ఆ తెల్లబెల్టు సంగతి తీరమునందలి తక్కిన యజమానులకు తానే స్వయముగ జెప్పెదనని మాట యిచ్చిరి. స్త్రీలు మరల కత్తులు చేపట్టిరి. నూకరత్నము మాత్రము చీల్చిన బెల్టుప్రక్కనే చాలసేపు నిలిచియుండెను. ఆమె కోరినదంతయు కోరినట్లే జరిగెను. ఒక్కమాటయు తక్కువ గాలేదు. ఐనను రోషము విడిచిపోయిన యా హృదయమున నిలుపుకొనుటకు మఱియేమియు దొరకకుండెను. పగ యున్నంతకాలము అక్క తనతోడనే తిరుగుచున్నట్లుండెను. పగ తీరిన యా మధ్యాహ్నమున మాణిక్యము నిజముగ గతించెను.