నిండని గొట్టం

రాష్ట్రం విడిపోయిన రెండో ఏడాది ఎండాకాలంలో, పుల్లలచెరువు వైపు ఊళ్లకు నీళ్లిచ్చే ట్యాంకు దగ్గర యేసుమణి ఆపరేటరుగా చేరింది. మార్కాపురంలో ఐటీఐ చదివిన పిల్ల, కూలి చేసి చదివించిన తల్లికి ఒక్కతే కూతురు.

పైనుంచి ట్యాంకులోకి దిగే గొట్టానికి విద్యుదయస్కాంత ఫ్లోమీటరు బిగించారు. అందులో తిరిగే చక్రం ఉండదు. అయస్కాంతం మధ్య నీళ్లు పారేటప్పుడు పుట్టే సన్నటి కరెంటును బట్టి వేగం పట్టుకుని, గంటకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో చెబుతుంది. ఆ మీటరు అరవై వేలంటోంది. చివరి ఊళ్లో మాత్రం బిందె నిండడం లేదు.

"మీటరు అబద్ధం చెప్పదమ్మా. ఆ ఊరోళ్లే దారిలో గొట్టాలు కోసి నీళ్లు దొంగిలిస్తున్నారు. రేపు కేసు పెడతా" అన్నాడు ఇంజనీరు సుందరరామయ్య.

యేసుమణికి ఒళ్లు మండింది. కానీ గొంతు పెంచలేదు.

"సార్, మీటరుకు వేగమొక్కటే తెలుసు. గొట్టం నిండుగా ఉందనుకుని లెక్క కడుతుంది. ఇక్కడ నీళ్లు జారి పడుతున్నాయి. సగం గాలే! ఒక్క గంట నాకియ్యండి, చూపిస్తా."

ఆయన నవ్వాడు గానీ కాదనలేదు. ఆమె ఊళ్లకు పోయే వాల్వులన్నీ కట్టేసింది. ట్యాంకు అడుగు వంద చదరపు మీటర్లు. మీటరు మాటే నిజమైతే గంటలో నీళ్లు అరవై సెంటీమీటర్లు పెరగాలి. టేపు దించి చూస్తే ముప్పై ఐదే.

సుందరరామయ్య తనే మరోసారి టేపు దించాడు. అదే ముప్పై ఐదు. ఆయన నవ్వు ఆగిపోయింది.

మర్నాడే, నీళ్లు కిందినుంచి పైకెక్కే చోట, ఎప్పుడూ నిండుగా ఉండే గొట్టానికి మీటరు మార్చారు. అది ముప్పై ఐదు వేలని చూపింది. నీళ్లు దారిలో పోవడం లేదు, అసలు రావలసినన్ని రావడమే లేదని తేలింది. ట్యాంకుకు నీళ్లు తోడే పంపు విప్పితే లోపలి రెక్కలు అరిగిపోయి ఉన్నాయి.

కొత్తవి వేసిన వారానికి చివరి ఊరి కొళాయి ధారగా పోసింది. సుందరరామయ్య యేసుమణిని వెంటబెట్టుకుని అక్కడికి పోయి, "తప్పు మాదే" అన్నాడు అందరి ముందూ.

బిందె దించి ఆ ఊరి వెంకాయమ్మ యేసుమణి చెయ్యి పట్టుకుంది. "ఏందమ్మే, అంత పెద్దాయనకే ఎదురు చెప్పినావంట?"

"ఎదురేముంది అత్తా, కొలిచి చూపించినా."

తిరిగొస్తూ ఇంజనీరు అడిగాడు: "గిద్దలూరు వైపు ఇలాంటి మీటర్లు ఇంకో నాలుగున్నాయి. చూస్తావా?"

"సోమవారం పోదాం సార్" అంది యేసుమణి.