గడియారమ్మ మీద ఫిర్యాదు

ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు పెద్దాఫీసు నుంచి వచ్చిన కవరు చింపి, మొహమంతా నవ్వు చేసుకుని, “అమ్మా, శుభవార్త! మీకు బదిలీ అయింది,” అన్నాడు.

గడియారమ్మ చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఏడు నెలల కిందట కంప్రెసర్ల ఇంజనీరుగా ఒంటరిగా ఈ రేవుకు వచ్చి, మొదటి వారమంతా మణికట్టు గడియారం చూసుకుంటూ అందరినీ తగులుకున్నందుకు ఊరు పెట్టిన పేరది.

“నేను అడగలేదే!”

“అదేంటి? మీవారే పెద్దాఫీసుకెళ్ళి అర్జీ ఇచ్చారట. మీ మాటల్లోనే రాశారు, చూడండి.” మేనేజరు అమాయకుడు. కళ్ళజోడు తుడుచుకుని, గదిలో ఇంకా ఎవరున్నారో చూసుకోకుండా గట్టిగా చదివేశాడు.

“ఒకటి. ఈ ఊళ్ళో గడియారాలు దండగ. చెప్పులు కుట్టేవాడి దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా సముద్రం పోటు చూసుకుని తలుపులు తీస్తారు. రెండు. చెవులు వినపడని ముసలాయన ఐసు దిమ్మల్ని తట్టి, విని, బాగుందో లేదో చెప్తాడు. మూడు. ఇంటావిడ నేను లేనప్పుడు గదిలోకొచ్చి కిటికీలు మూసేస్తుంది, వీధిలో వాళ్ళందరికీ నా సంగతులు చెప్తుంది...”

ఆ ముసలాయన గుమ్మం దగ్గర గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ను అందరూ దిమ్మల తాత అంటారు. ఆ ఇంటావిడ ఎదురు బల్ల దగ్గర హాజరు పుస్తకం ముందు ఉంది. ఫ్యాక్టరీకి గుమస్తా, గడియారమ్మకు మేడగది అద్దెకిచ్చి పిన్ని అని పిలిపించుకునే ఇంటావిడ, రెండూ ఆవిడే.

పిన్ని కలానికి మూత పెట్టింది. ఆ చప్పుడు చెంపదెబ్బలా వినిపించింది.

గడియారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలోకి వెళ్ళి మొగుడికి ఫోను చేసింది.

“వచ్చిందా కాగితం?” అతని గొంతులో పండగ. “ఎలా ఉంది నా దెబ్బ? మూడుసార్లు తిరిగాను తెలుసా!”

“నిన్నెవరు తిరగమన్నారు?”

“అదేంటి? రోజూ ఫోనులో ఏడ్చావుగా. ఉప్పుగాలికి తాళంచెవి తుప్పు పట్టిందన్నావ్, పిన్ని పోరు పడలేనన్నావ్...”

“ఏడవలేదు. తిట్టాను.”

“రెండింటికీ తేడా ఏంటి?”

“పెళ్ళయి ఎనిమిది నెలలైంది, తేడా తెలీదా నీకు? నేను తిడతాను. నా పిన్ని, నా తాత, నా ఊరు. నడుమ నువ్వెవరు, అర్జీలు రాయడానికి?”

“నీ ఊరా?” అన్నాడతను, నిజంగానే బిత్తరపోయి.

ఆమె కూడా బిత్తరపోయింది. ఆ మాట నోట్లోంచి ఎప్పుడు జారిందో ఆమెకే తెలియలేదు. అందుకు ఇంకా కోపం వచ్చి ఫోను పెట్టేసింది.

మొదట్లో నిజంగానే ఒళ్ళు మండేది. పడవలు పోటు మీద తప్ప రేవులోకి రాలేవు. పోటు రోజూ ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంది. దాంతో పాటే ఐసు తీసే వేళ, రొట్టెల కొట్టు పొయ్యి వేళ, మంగలి కత్తి పట్టే వేళ, అన్నీ మారిపోతాయి. నిన్న పదింటికి తెరిచిన కొట్టు ఇవాళ పదిన్నరైనా తెరవకపోతే తలుపు మీద గుద్దేది. రెండో నెలలో ఒకనాడు, అలారం మోగకముందే లేచి, మెట్లు దిగి, కొట్టువాడు షట్టరు ఎత్తే క్షణానికి సరిగ్గా ఎదురుగా నిలబడింది. వేడి రొట్టె చేతిలో పెట్టి వాడు, “కుదిరిందమ్మా లెక్క!” అన్నాడు. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. మొగుడికి మాత్రం ఆ పూట, రొట్టె ఒక పక్క మాడిందని చెప్పింది. మురిపాలు తన దగ్గర దాచుకుని, మంటలన్నీ ఫోనులో పోసింది. పాపం అతను పోసిందే పట్టుకున్నాడు. పాపమేం లేదు, వెధవ!

లోపలికొచ్చి, “నాకీ బదిలీ వద్దు,” అంది.

మేనేజరు తల గోక్కున్నాడు. “అయితే సాయంత్రం ఐదింటిలోగా మీ చేత్తో ఉత్తరం రాయాలి. ఈ ఫిర్యాదులు నిజం కావని, వెనక్కి తీసుకుంటున్నానని. లేకపోతే సోమవారం మీ చోటికి ఇంకొకరు వచ్చేస్తారు.”

కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. ‘ఒకటి నిజం కాదు’ అని రాయబోయింది. నిజమే కదా! మొన్న పన్నునొప్పితో మూడు గంటలు డాక్టరు గుమ్మంలో పడుంది. రెండు? తాతకు వినపడదు. కానీ తట్టిన వేళ్ళకు దిమ్మ నడుమ నీళ్ళు మిగిలాయో లేదో తెలిసిపోతుంది. అర్జీలో ఆ సంగతి లేదు. మూడు? పిన్ని నిన్న కూడా కిటికీ మూసింది.

“ఏడుస్తూ రాయకు, అక్షరాలు అలుక్కుపోతాయి,” అంది పిన్ని తలెత్తకుండా. పొద్దుట్నుంచి ఆవిడ మాట్లాడింది అదే.

“ఏడవట్లేదు. మండుతోంది!”

“మండితే నీళ్ళు తాగు.”

కలం కాగితంలో దిగబడేలా గడియారమ్మ ఇలా రాసింది: ‘పై ఫిర్యాదులన్నీ నిజమే. ఒక్కటీ వెనక్కి తీసుకోను. బదిలీ మాత్రం వద్దు. ఇక్కడే ఉంటాను.’

మేనేజరు రెండుసార్లు చదివాడు. “అమ్మా, పెద్దాఫీసువాళ్ళకి పిచ్చి పడుతుంది.”

“పట్టనివ్వండి.”

దిమ్మల తాత చెయ్యి చెవికి ఆనించి, “ఏం రాసిందంట?” అని అరిచాడు. మేనేజరు ఆయన చెవిలో అర్జీ, ఉత్తరం రెండూ కేకేసి చెప్పాడు. తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. “ముసలాయన అని రాశాడే, అది మాత్రం కొట్టేయించు. అరవై నాలుగే నాకు,” అని దిమ్మల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఉత్తరం ముద్ర కోసం పిన్ని బల్ల మీదికి వచ్చింది. ఆవిడ అక్షరం అక్షరం వేలు పెట్టి చదివింది.

“ఇన్ని తిట్టి, ఉంటానంటావా?”

“ఉంటాను.”

“నా మేడ మీదే?”

“ఇంకెక్కడ?”

పిన్ని ముద్ర ఎత్తి ఉత్తరం మీద బల్ల అదిరేలా గుద్దింది. దాన్ని కవర్లో పెట్టి, అంటించి, తపాలా సంచిలో పడేసింది. అప్పుడు కుర్చీ గిరుక్కున తిప్పి గడియారమ్మకు ఎదురుగా కూర్చుని, చీర చెంగు నడుముకు బిగించింది.

“నా గురించి రెండే రాశాడు మీ ఆయన. ఇంకా ఉన్నాయా?”

“బోలెడు.”

“చెప్పు,” అంది పిన్ని. “నీ సంగతులు నా దగ్గరా ఉన్నాయి. ముందు నువ్వు కానీ.”